ల్యాబ్ పరీక్షలో తప్పుల ప్రోగ్రామే ఇవ్వండి

సంపాదకులకు,

ఇంజనీరింగ్ పిల్లలు నేర్చుకోవలసిన సాఫ్ట్‌వేర్ టూల్స్ గురించి గత సంచికలో మీరు వేసిన వ్యాసం చదివాను. వీఎస్ కోడ్, గిట్, డాకర్, పోస్ట్‌మ్యాన్... జాబితా బాగానే ఉంది. మా పిల్లలు ఈపాటికి దాన్ని రెజ్యూమేల్లోకి ఎక్కించేసి కూడా ఉంటారు. ల్యాబ్ పరీక్ష ఇప్పుడున్నట్టే ఉన్నంతకాలం ఆ జాబితా ఎంత పొడుగైనా వాళ్ళ చేతికి పని రాదన్నదే నా బాధ. ఏళ్ళ తరబడి సీ ల్యాబ్ చెబుతూ, పక్క కాలేజీలకు ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళే మనిషిని కనక రాస్తున్నాను.

ఆ పరీక్ష ఎలా జరుగుతుందో బయటివాళ్ళకు తెలియకపోవచ్చు. చీటీ తీస్తారు. ఫ్యాక్టోరియల్ వస్తుంది, లేదంటే ప్యాలిండ్రోమ్, లేదంటే మ్యాట్రిక్స్ గుణకారం. బట్టీ పట్టిన ప్రోగ్రామును ముందు పేపరు మీద, తర్వాత సిస్టంలో దించుతారు. నేను వెళ్ళిన చాలా కాలేజీల్లో ఇప్పటికీ టర్బో సీ నీలి తెరే. డాస్ రోజుల్లో బోర్లాండ్ కంపెనీ చేసిన సరుకు అది. ఇప్పటి 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు కనక డాస్‌బాక్స్ అనే ఇంకో ప్రోగ్రాములో పెట్టి నడిపిస్తున్నాం. కంట్రోల్ ఎఫ్9 కొడితే రన్, ఆల్ట్ ఎఫ్5 కొడితే అవుట్‌పుట్. అది ఎక్స్‌టర్నల్ గారికి చూపిస్తే పరీక్ష అయిపోయినట్టే.

అలా ఒకచోట ఓ అమ్మాయి ఫ్యాక్టోరియల్ ముచ్చటగా రాసింది. 5 ఇస్తే 120 వచ్చింది, 7 ఇస్తే 5040. "8 ఇచ్చి చూడమ్మా" అన్నాను. రావలసింది 40320, వచ్చింది మైనస్ 25216. "సిస్టం ప్రాబ్లం మేడం, పక్కదాంట్లో చేస్తా" అంది. పక్కదాంట్లోనూ అదే వచ్చింది. టర్బో సీలో ఇంట్ అంటే రెండే బైట్లు, 32767కి మించి పట్టదు. ఆపైన లెక్క చుట్టు తిరిగి మైనస్‌లో పడుతుంది. ఈ సంగతి ఆ అమ్మాయికి తెలియక కాదు. "ఇంట్ సైజు ఎంత?" అనగానే "టూ బైట్స్ మేడం" అని టక్కున చెప్పింది. ఆ జవాబుకీ తెర మీద కనిపిస్తున్న అంకెకీ సంబంధం ఉందని ఆమెకు ఎవరూ చూపించలేదు, అంతే.

టర్బో సీ తీసేసి జీసీసీ కంపైలర్ పెడితే సరిపోతుంది కదా అనవచ్చు. పెట్టాల్సిందే, దాని మీద రెండో మాట లేదు. కానీ జీసీసీలో ఇంట్ సాధారణంగా నాలుగు బైట్లు కాబట్టి 12 దాకా జవాబులు సరిగ్గా వస్తాయి. 13 దగ్గర 6227020800 రావలసింది, మామూలుగా 1932053504 వస్తుంది. ఇది మరీ ప్రమాదం. ముందు మైనస్ గుర్తు లేదు కనక ఎవరికీ అనుమానమే రాదు. పైథాన్‌లో పూర్ణాంకాలకు ఇలాంటి హద్దు లేదు గానీ, అదే ఫ్యాక్టోరియల్ రికర్షన్‌తో రాసి 2000 ఇస్తే మామూలు సెట్టింగుల్లో వెయ్యి పిలుపుల దగ్గరే ఆగిపోతుంది. టూల్ మారిస్తే తప్పు కాపురం మార్చుకుంటుంది తప్ప ఊరు వదిలి పోదు.

అందుకే పరీక్ష రోజున పిల్లల ముందు ఖాళీ తెర పెట్టవద్దంటున్నాను. ఇంకొకరు రాసిన యాభై అరవై లైన్ల ప్రోగ్రాము ఇవ్వండి. కంపైల్ కావాలి, నడవాలి, కొన్ని ఇన్‌పుట్లకు మాత్రం తప్పు జవాబు రావాలి. లూపు ఒక చుట్టు ఎక్కువ తిరిగి అరే దాటిపోవడం, ఇఫ్‌లో రెండు ఈక్వల్స్ ఉండాల్సిన చోట ఒకటే ఉండటం, ఇలాంటివి. జీడీబీ డీబగ్గర్ చేతికిచ్చి, బ్రేక్‌పాయింట్ పెట్టుకుని ఒక్కో లైను నడిపించి, వేరియబుల్ విలువ ఎక్కడ చెడిందో పట్టుకోమనండి. ఎలా పట్టుకున్నారో తెలుగులో చెప్పినా మార్కులు వెయ్యండి. జీసీసీ, జీడీబీ రెండూ ఉచితం, ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తాయి, కాబట్టి హాల్లో చాట్‌జీపీటీ గొడవ ఉండదు. బయట ఎలాగూ ఉంటుంది. 2022 చివర్లో అది వచ్చినప్పటి నుంచి కోడ్ పుట్టించడం తేలికైపోయింది. అది రాసిచ్చినదాంట్లో లొసుగు ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళకే ఇక విలువ. కంపెనీలో చేరినా మొదట చేతికొచ్చేది ఎవరో రాసి వెళ్ళిపోయిన కోడే కదా.

ల్యాబ్ రికార్డు గురించి కూడా ఒక మాట. ఒక పక్క గీతల కాగితం, ఇంకో పక్క తెల్ల కాగితం, పెన్సిలుతో ఫ్లోచార్టు, చివర అవుట్‌పుట్. సీనియర్ల రికార్డులో సెమికోలన్ ఎగిరిపోతే జూనియర్లందరి రికార్డుల్లోనూ ఎగిరిపోతుంది. అవన్నీ మేం ఎర్రపెన్నుతో టిక్కులు కొట్టి సంతకాలు పెడతాం. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో నమోదు చేసుకోవడానికే లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ తయారుచేశాడు. రికార్డు చేయాల్సిన పని కూడా అదే. మా పిల్లల్ని గిట్ వచ్చా అని అడిగితే "గిట్‌హబ్‌లో జిప్ ఫైల్ అప్‌లోడ్ చేశాను మేడం" అంటారు. వాళ్ళను అని ఏం లాభం, మేం అడిగింది ఎప్పుడు గనక!

అరవై మందికి ఇలాంటి పరీక్ష పెట్టడం అయ్యే పనేనా అని తోటి అధ్యాపకులు అంటున్నారు. తప్పు ఎక్కడుందో పెట్టిన మనకు తెలుసు కాబట్టి దిద్దడం ఇప్పటికంటే తేలికే. రాయడమే రానివాళ్ళు తప్పులు సరిచేసేదేమిటన్న అభ్యంతరం మాత్రం సబబైనదే. మొదటి సెమిస్టర్ రాయడానికే వదిలేసి, రెండో సెమిస్టర్ నుంచి మొదలుపెట్టవచ్చు. పిల్లలు వెనకబడి లేరు. ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేక ఫోన్లో టర్మక్స్ యాప్ వేసుకుని సీ ప్రోగ్రాములు కంపైల్ చేస్తున్నవాళ్ళు నా క్లాసులోనే ఉన్నారు. వాళ్ళు ల్యాబ్‌కి వచ్చి నీలి తెర ముందు కూర్చుంటుంటే నాకే సిగ్గుగా ఉంటుంది.

విశ్వవిద్యాలయాల సిలబస్ కమిటీలవాళ్ళు మీ పత్రిక చదువుతారనే నమ్మకంతో అడుగుతున్నాను. వచ్చే విద్యా సంవత్సరం ఒక్క సీ ల్యాబ్‌లోనైనా ఈ పద్ధతి పెట్టి చూడండి. తప్పులు పెట్టిన ప్రోగ్రాములు కావాలంటే నేను తయారుచేసి ఇస్తాను, రెమ్యూనరేషన్ బిల్లు కూడా పెట్టను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలు,
ఖమ్మం