ప్రతి ఆయాసమూ కఫం కాదు

మీ ఇంట్లో పెద్దవారికి పడుకోగానే దగ్గు, ఆయాసం వచ్చి, లేచి కూర్చుంటే తగ్గుతున్నాయా? సాయంత్రానికి పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట పడుతోందా? కఫమనో, వయసనో సరిపెట్టుకోకండి. గుండె బలహీనపడి రక్తాన్ని సరిగా పంపు చేయలేకపోతే ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరుతుంది.

నాడి పట్టుకున్న హకీముకు అనుమానం రావచ్చు. నిర్ధారణకు మాత్రం ఈసీజీ, బీఎన్‌పీ రక్తపరీక్ష, ఎకో కావాలి. అలాంటి రోగిని వెంటనే వాటికి పంపడం యునానీకి నామోషీ కాదని నా అభిప్రాయం. గుండె మందుల మీద ప్రత్యేకంగా గ్రంథం రాసిన ఇబ్న్ సీనా కాలంలో ఎకో లేదు, మనకుంది.

ఇంకో మాట. దగ్గుకని మనం నమ్మే అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం తగ్గుతుంది. గుండె రోగికి అది హాని. ఖమీరా తింటున్నామని డాక్టరు ఇచ్చిన మాత్రలు మానకండి. ఊరగాయలు, అప్పడాలు తగ్గించండి. నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి. రోజూ ఉదయం బరువు చూసుకోండి. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది ఒళ్లు చేయడం కాదు, నీరు చేరడం. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.