క్రోషియా దుప్పటికి కూలీ కట్టాలి

ఊలు పేరుతో బజారులో దొరికేది చాలావరకు అక్రిలిక్. ఆదోని ఎండలకు అది కప్పుకుంటే ఒళ్లు ఉడికిపోతుంది. అందుకే నేను దుప్పట్లకు నూలే వాడతాను. చుట్టూ పత్తి పండే సీమ మాది, జిన్నింగు మిల్లుల ఊరు మాది. ఇక్కడ అల్లే దుప్పటి నూలుదే కావాలి.

డబుల్‌కాట్ మంచానికి నిండుగా వచ్చే చారల దుప్పటికి రెండు కేజీలకు పైనే నూలు పడుతుంది. మొదట వేసే గొలుసే వెడల్పును ఖాయం చేస్తుంది. ఆ తర్వాత ఏ వరుసలోనైనా చివర ఒక్క కుట్టు జారితే అంచు లోపలికి నడుస్తుంది. చారలకు సరి సంఖ్యలో వరుసలు వేస్తే పాత రంగు దారం అదే అంచున ఆగి ఉంటుంది, తెంపకుండా పైకి తీసుకోవచ్చు. వరుసలో ఆఖరి కుట్టు ముగియకముందే, దాని చివరి లాగుడులో కొత్త రంగు అందుకోవాలి. లేదంటే చార మొదట్లో పాత రంగు మచ్చలా మిగులుతుంది. మగ్గం మీదైతే నిలువు చారలు పడుగు పోసేటప్పుడే కుదిరిపోతాయి. క్రోషియాలో ప్రతి చారనూ కుట్టు కుట్టుగా వేళ్లే లెక్క పెట్టుకోవాలి. నిజమైన క్రోషియా అల్లే యంత్రం ఇంతవరకూ బజారులోకి రాలేదు. లేసు పేరుతో వచ్చే మిషన్ సరుకు వేరే అల్లిక.

దుప్పటి కొనేవాళ్లు ఇంత పని చేసిన ఆడమనిషిని అడిగే మాట ఒక్కటే: "ఇంట్లో ఖాళీగా కూచుని అల్లిందే కదక్కా, అంత రేటెందుకు?" ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంటుంది. నూలు ఖరీదు తీసేసి గంటల లెక్క కడితే, ఆమెకు మిగిలేది పొలం కూలీలో సగం కూడా ఉండదు.

ఈ అన్యాయం కొత్తది కాదు. నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ రాసిన పుస్తకం 1982లోనే వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కు సరుకు అల్లుతున్న ఆ స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే వాళ్ల కూలీ అంత తక్కువని ఆమె తేల్చి చెప్పారు. నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ గుర్తింపు పేరుకు వచ్చింది. వేళ్లకు కూలీ రావాలి.

దారి వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. పక్కనే ఎమ్మిగనూరు ఉంది. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. నూలు సంఘం ఇచ్చేది, నేసినదానికి మజూరీ కట్టేది, అమ్మకం బాధ్యత తనే మోసేది. విడివిడిగా ఉన్న మగ్గాలకు ఆ ఏర్పాటు ఒక బలం ఇచ్చింది. ఇప్పుడు మగ్గాల చప్పుడు తగ్గింది, నిజమే. అయినా ఆ పద్ధతి చెడ్డదైపోలేదు.

క్రోషియా స్త్రీలకూ అలాంటి సంఘం కావాలి. చేనేతకు ఇచ్చే ధరకే చిలపల నూలు వాళ్లకూ ఇవ్వాలి. హస్తకళాకారులకిచ్చే గుర్తింపు కార్డు అల్లే ప్రతి స్త్రీకీ అందాలి. ప్రభుత్వ హస్తకళల దుకాణం లేపాక్షి షోరూంలో పెట్టే ప్రతి దుప్పటి చీటీ మీద ధరతోపాటు, దాన్ని అల్లడానికి పట్టిన గంటలు, అందులో అల్లినామెకు ముట్టిన కూలీ అచ్చువేయాలి. సుగ్గికి, అంటే పంటకోతల వలసకు, గుంటూరు మిరప చేలకు పిల్లలను వెంటేసుకుని పోయే మా పడమటి ఊళ్ల ఆడవాళ్లందరినీ క్రోషియా ఆపుతుందని నేననను. వాళ్లలో కొందరికైనా ఇంటిపట్టున ఉండే కూలీ పని ఇది కాగలదు, కూలీ కూలీలా ఉంటే. ఆ కూలీ లెక్క కట్టే పని జిల్లా చేనేత, హస్తకళల అధికారులు ఈ ఏడాదే మొదలుపెట్టాలి, ముందుగా ఆదోని, ఎమ్మిగనూరుల్లో ఇళ్లలో అల్లుతున్నవాళ్ల పేర్లు రాసుకుని.