ప్రహరీ పక్కన నాలుగడుగుల గడ్డి

ఏటా ఆగస్టు 15కు ముందు హాస్టళ్లలో శ్రమదానం ఉంటుంది. పారలతో గడ్డి చెక్కి, కుప్పవేసి, కాల్చేస్తాం. నేనూ కోడుమూరులో ఎనిమిదో తరగతి నుండి ఆ పని హుషారుగా చేసినవాడినే. ఒకసారి నన్ను చూడడానికి వచ్చిన మా అమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. "యాలరా కాలబెడతాండారు? మన ఎనుముకు రెండు పూటలైతాండె కదరా" అంది. పక్కనున్న వాళ్లు నవ్వారు. నేను సిగ్గుపడ్డాను. ఆ ఎనుము పాలతోనే నా నోటు పుస్తకాలు వచ్చేవి.

ఎం.ఎస్సీ.లో 'ఎకినోక్లోవా కొలోనా' అన్న పేరు చదివి, ఏదో విదేశీ మొక్క అనుకున్నాను. తీరా నమూనా చూస్తే మా అమ్మ కోసే ఊద గడ్డి! మనం తినే ఊదలు ఈ అడవి గడ్డి నుండే వచ్చాయి. 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా జరుపుకుంది. దాని తల్లిని మాత్రం మనం పారతో చెక్కుతూనే ఉన్నాం.

గరికను చెక్కినా వేళ్ల నుండి మళ్లీ లేస్తుంది. ఊద గడ్డి అలా కాదు. తొలకరికి మొలిచి, వెన్ను వేసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. గింజ రాలకముందే ఏటా చెక్కేస్తూ పోతే, మట్టిలో మిగిలిన పాత గింజలు అయిపోయాక అక్కడ వట్టి నేలే.

గడ్డి ఉన్న నేల ఖాళీ జాగా కాదు. మన పాత కర్నూలు జిల్లాలోనే (ఇప్పుడు నంద్యాల జిల్లా) 1988లో బట్టమేక పిట్ట కోసం రోళ్లపాడును అభయారణ్యం చేశారు. పేరుకు అరణ్యమే గాని, ఆ పిట్టకు కావలసింది గడ్డి నేల!

పాముల భయం నిజమే. కిటికీల కింద, బాత్‌రూముల దారిలో శుభ్రంగా కోయాల్సిందే. వరి మడిలో ఇది కలుపన్నదీ నిజమే. గోడ అవతల మడి ఉంటే అటువైపు వద్దు. మిగిలిన ప్రహరీ వెంట నాలుగడుగులు వదలమని నా విన్నపం. గడ్డి పూర్తిగా పోయిన చోట, పండిన వెన్నులు దులిపి, తొలి వానకు నేల గీరి చల్లితే చాలు. ఎరువు అక్కర్లేదు.

కోయడానికి నేనే కొడవలి తెస్తాను. అమ్మనూ రమ్మన్నాను. గింజ రాలినాక గడ్డిలో పస ఉండదంట. సగం పచ్చిగా ఉన్నప్పుడే కోసుకోనిస్తే వస్తానంది. సగం ఆమెకు, సగం గింజకు. నాకు సమ్మతమే, వార్డెన్ గారు ఒప్పుకోవాలి.