చివర పిలిచిన పేరు



అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర కొన్ని నెలలు గడిపి వచ్చిన పెద్దలను అడిగి చూడండి. సెప్టెంబరు మొదలుకొని చలికాలమంతా ఆదివారం మధ్యాహ్నమైతే అక్కడ చాలా ఇళ్లలో టీవీ ముందు ఫుట్‌బాల్ ఆటేనని చెబుతారు. మనమెరిగిన కాలితో తన్నే ఆట కాదది. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకొని, ఎదుటి జట్టువారిని తప్పించుకొంటూ పరుగెత్తే ఆట. ఆ ఇళ్లలోని కుర్రవాళ్లు ప్రతి వేసవి ఆరంభంలోను ఒక ప్రశ్న మీద వాదులాడుకొంటారు: “మన జట్టు చివరి రౌండులో ఒక కొత్త రన్నింగ్ బ్యాక్‌ను తీసుకుంది గదా, వాడు పనికి వస్తాడా, రాడా?” ఈ నెల ఆ ప్రశ్ననే తీసుకుందాము. ఆట చూడని వారికి కూడా ఇందులో ఆలోచించదగినది ఉన్నది.

ముందుగా నాలుగు మాటల్లో ఆట సంగతి. ఒక్కొక్క వైపు పదకొండుమంది. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్లలేకపోతే బంతి ఎదుటివారి పాలవుతుంది. జట్టును నడిపేవాడు క్వార్టర్‌బ్యాక్. అతడు బంతిని దూరంగా విసరవచ్చు, లేదా పక్కనున్న రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టవచ్చు. చేతికి బంతి వచ్చిన రన్నింగ్ బ్యాక్ పని ఒక్కటే. నూరు, నూట యాభై కిలోల మనుషుల మధ్య సందు చూసుకొని పరుగెత్తాలి.

కళాశాలల్లో ఆడిన యువకులను వృత్తి జట్లు ఏటా ఏప్రిల్‌లో వంతులవారీగా ఎన్నుకుంటాయి. దీనికి డ్రాఫ్ట్ అని పేరు. జట్లు 32, రౌండ్లు ఏడు. మొదటి రౌండులో పేరు పలికినవానికి వేదిక, చప్పట్లు, పెద్ద మొత్తం. ఆరవ రౌండో ఏడవ రౌండో వచ్చేసరికి మూడవ రోజు సాయంకాలమవుతుంది. అప్పుడు పిలిచిన పేరు వినేది ఆ కుర్రవాని ఇంటివారే. వేసవి శిబిరానికి 90 మంది వస్తారు, ఆగస్టు చివరికి 53 మందే మిగులుతారు. చివర వచ్చినవాని మీద జట్టు పెట్టిన సొమ్ము తక్కువ గనుక అతణ్ణి పంపివేయడం కూడా తేలికే. నిజం దాచడమెందుకు? అలా వచ్చినవారిలో చాలామంది ఎవరికీ గుర్తుండకుండానే ఇంటిదారి పడతారు. కాబట్టి “చివర వచ్చినవాడు తప్పక గొప్పవాడవుతాడు” అని చెప్పేవారి మాట నమ్మవద్దు. అయితే “చివర వచ్చాడు గనుక ఏమీ కాడు” అనే మాట కూడా నమ్మదగినది కాదు.

ఎందుకో చెప్పడానికి 1995 నాటి డ్రాఫ్ట్ ఒక్కటి చాలు. ఆ ఏడాది అందరికంటె ముందు పిలిచిన పేరు ఒక రన్నింగ్ బ్యాక్‌దే. అతడు పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుండి వచ్చిన కి-జానా కార్టర్. సిన్సినాటి జట్టు అతణ్ణి తీసుకుంది. ఆ డ్రాఫ్ట్‌లోనే ఆరవ రౌండులో, 196వ పేరుగా, డెన్వర్ జట్టు టెరెల్ డేవిస్ అనే యువకుణ్ణి పిలిచింది. డేవిస్ మొదట లాంగ్ బీచ్‌లో చదివాడు. 1991 తరువాత ఆ కళాశాల ఫుట్‌బాల్ జట్టునే ఎత్తివేసింది. జార్జియాకు వెళ్లాడు. అక్కడ చివరి ఏడాది తొడ వెనుక కండరం దెబ్బతిన్నది. చిన్నప్పటి నుండి తీవ్రమైన పార్శ్వపు తలనొప్పి. కొనేవాళ్లు వెనుకాడడానికి ఇంతకంటె ఏమి కావాలి?

తరువాత జరిగినది చూడండి. కార్టర్ తన మొదటి సన్నాహక ఆటలోనే మోకాలు పోగొట్టుకున్నాడు. అది అతని తప్పు కాదు. మళ్లీ లేచాడు, ఆడాడు, కాని వరుస గాయాలు అతణ్ణి వదలలేదు. మొత్తం వృత్తి జీవితంలో బంతితో పరుగెత్తినది 1,144 గజాలు. డేవిస్ తన మొదటి సంవత్సరంలోనే 1,117 గజాలు పరుగెత్తాడు. నిపుణులు, కొలతలు, గడియారాలు అన్నీ ఉండి కూడా మొదటి పేరుకు, 196వ పేరుకు మధ్య ఇంత తారుమారు జరిగిందంటే, ఆ వరుస కేవలం ఒక అంచనా అని తెలుస్తున్నది గదా.

మరి ఎలా చూడాలి? పశువుల సంతలో ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు, మూపురం నిమురుతాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అవన్నీ అవసరమే. అయినా కాడి కట్టి చాలులో నడిపిస్తే గాని దాని సంగతి తెలియదు. డ్రాఫ్ట్‌కు ముందు ఇండియానాపొలిస్ నగరంలో జరిగే పరీక్షలు కూడా అలాంటివే. నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరుగెత్తాడు, ఎంత ఎత్తు ఎగిరాడు, ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తాడు అని కొలుస్తారు. ఒంటరిగా, అడ్డు లేని నేల మీద పరుగెత్తడం వేరు. సందు మూసుకుపోతున్నప్పుడు పరుగెత్తడం వేరు. కాడి కట్టిన తరువాత ఏమి చూడాలో నాలుగు సంగతులు చెబుతాను.

మొదటిది, బంతి చేతిలో లేనప్పుడు అతడేమి చేస్తున్నాడు? చివరి రౌండులో వచ్చినవానికి మొదట్లో బంతి ఇవ్వరు. బంతిని తన్ని ఆట మొదలుపెట్టినప్పుడు ఎదురుగా పరుగెత్తుకుంటూ వెళ్లి, దానిని పట్టుకున్నవాణ్ణి పడగొట్టే పని ఇస్తారు. పేరు రాని పని, దెబ్బలు తగిలే పని. 1995 ఆగస్టులో డెన్వర్ జట్టు సన్నాహక ఆట కోసం టోక్యో వెళ్లింది. డేవిస్ వరుసలో అట్టడుగున ఉన్నాడు. ఇక్కడ నాకు చోటు లేదు, వెళ్లిపోదామనుకున్నానని తరువాతి కాలంలో అతడే చెప్పుకున్నాడు. వెళ్లలేదు. ఆ ఆటలో తన్నిన బంతి వెంబడి పరుగెత్తి, దానిని అందుకున్నవాణ్ణి గట్టిగా ఢీకొని పడవేశాడు. కోచ్ మైక్ షానహాన్ కన్ను అక్కడ పడింది. అతడు పరుగెత్తగలడని కాదు, ఇచ్చిన చిన్న పనిని ఇంత మనస్సు పెట్టి చేస్తున్నాడని. సెప్టెంబరు వచ్చేసరికి ఆ ఆఖరివాడే మొదటివాడయ్యాడు.

రెండవది, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడగలడా? బంతి విసరబోయే సమయంలో ఎదుటివారు అతని మీదికి దూసుకువస్తారు. ఎవడు ఏ వైపు నుండి వస్తున్నాడో క్షణంలో గుర్తించి, తనకంటె బరువైనవానికి ఎదురునిలిచి ఆపవలసినవాడు రన్నింగ్ బ్యాకే. కళాశాలలో ఎంత పరుగెత్తినవాడైనా ఈ ఒక్క పని రాక బల్ల మీద కూర్చున్నవారు ఉన్నారు. బంతి జారవిడవడం కూడా ఇలాంటిదే. పేరున్నవాడు ఒకసారి జారవిడిస్తే క్షమిస్తారు, చివర వచ్చినవానికి రెండవ అవకాశం దొరకడం కష్టం.

మూడవది, అతనికి ముందు ఎవరున్నారు? పరుగెత్తేవాని కంటె ముందు దారి తీసేవారు ఐదుగురు. వారి పేర్లు ఎవరూ తలచుకోరు. షానహాన్ జట్లలో ఆ ఐదుగురు ఒకే కట్టుగా పక్కకు కదులుతారు; పరుగెత్తేవాడు ఓర్పుతో ఉండి, సందు తెరుచుకున్న చోట ఒక్కసారి తిరిగి నేరుగా వెళ్లాలి. ఈ పద్ధతికి మహావేగం కంటె చూపు, ఓర్పు ముఖ్యం. అందుకే ఆ కోచ్ దగ్గర చివరివారు పదేపదే పైకి వచ్చారు. 2000లో ఆరవ రౌండులో వచ్చిన మైక్ ఆండర్సన్ అప్పటికే మెరైన్ దళంలో నాలుగేళ్లు పనిచేసి, ఇరవై ఆరేళ్లు దాటినవాడు. ఆ ఏడాదే 1,487 గజాలు పరుగెత్తాడు. 2012లో షానహాన్ వాషింగ్టన్‌లో ఉండగా ఆరవ రౌండులో, 173వ పేరుగా వచ్చిన ఆల్ఫ్రెడ్ మోరిస్ మొదటి ఏటనే 1,613 గజాలు పరుగెత్తాడు. ఆయన కుమారుడు కైల్ షానహాన్ దగ్గర 2021లో 194వ పేరైన ఎలైజా మిచెల్ 963 గజాలు పరుగెత్తాడు. వీరంతా వేరొక జట్టులో పడి ఉంటే మనకు పేర్లయినా తెలిసేవా? తెలియకపోవచ్చు. విత్తనం మంచిదే, నేల కూడా అనుకూలించాలి. కాబట్టి కుర్రవాణ్ణి ఒక్కణ్ణే చూసి తీర్పు చెప్పవద్దు. అతడు పడిన నేల ఎలాంటిదో కూడా చూడండి.

నాలుగవది, ఆగస్టు ఆటలను చూసి మోసపోవద్దు. సన్నాహక ఆటల చివరి భాగంలో ఎదుట ఉండేవారు కూడా ఇంటికి వెళ్లవలసినవారే. వారి మీద ఎనభై గజాలు పరుగెత్తడం వార్తకు బాగుంటుంది. దాని కంటె, ముఖ్యమైన ఆటగాళ్లు ఉన్నప్పుడు కోచ్ అతణ్ణి లోపలికి పంపుతున్నాడా, బంతి తన్నే సమయంలో అతణ్ణి నమ్ముతున్నాడా అని చూడండి. 2022లో కాన్సస్ సిటీ జట్టు ఐజయా పచెకోను ఏడవ రౌండులో తీసుకుంది. మొత్తం 262 పేర్లలో అతనిది 251వది. నలభై గజాలను 4.37 సెకన్లలో పరుగెత్తినవాడే; వేగం ఉన్నా చివరకే మిగిలాడు. ఆ జట్టులో అప్పటికే 2020లో మొదటి రౌండులో తీసుకున్న రన్నింగ్ బ్యాక్ ఉన్నాడు. పచెకో మొదట తన్నిన బంతిని అందుకొని తిరిగి పరుగెత్తే పని చేశాడు. సగం ఆటలు గడిచేసరికి ముందువాని స్థానం అతనిదయింది. 830 గజాలతో ఏడాది ముగించి, 2023 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్ అనే ఆఖరి పోటీలో 76 గజాలు పరుగెత్తి విజేత జట్టులో నిలిచాడు. 2024 సెప్టెంబరులో అతని కాలి ఎముక విరిగింది. ఈ పనిలో దేహం ఎంతకాలం తట్టుకుంటుందో ఏ పరీక్షా చెప్పలేదు.

ఈ నాలుగింటిలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే మొదటిది గుర్తుంచుకోండి. డేవిస్ కథ అంతా దాని చుట్టూనే తిరిగింది. 1998 జనవరి 25న అతని సొంత ఊరు శాన్ డియేగోలోనే సూపర్ బౌల్ జరిగింది. మొదటి భాగంలోనే పార్శ్వపు తలనొప్పి వచ్చి చూపు మసకబారింది. నాకు కనబడడం లేదని కోచ్‌తో చెప్పాడు. అయినా ఒక్క ఆటకు లోపలికి వెళ్లమన్నాడు షానహాన్; నీవు లేకపోతే మనం పరుగెత్తబోతున్నామని ఎదుటివారు నమ్మరన్నాడు. డేవిస్ వెళ్లి, చేతిలో బంతి ఉన్నట్టు నటిస్తూ జనంలోకి దూకాడు. ఎదుటివారు అతని మీద పడ్డారు. బంతి ఉన్న జాన్ ఎల్వే అవతలి వైపు నుండి నడిచినంత సులువుగా గీత దాటాడు. రెండవ భాగమంతా డేవిస్ బయట కూర్చున్నాడు. విరామం తరువాత చూపు కుదుటపడి తిరిగివచ్చి, మొత్తం 157 గజాలు పరుగెత్తి, మూడుసార్లు గీత దాటాడు. ఆ దినపు ఉత్తమ ఆటగాడు అతడే. జనం ఆ 157 గజాలను గుర్తుంచుకున్నారు. చూపు లేకుండా, బంతి లేకుండా చేసిన ఆ ఒక్క పరుగు కూడా గెలుపులో భాగమే.

1998లో అతడు 2,008 గజాలు పరుగెత్తాడు. ఒక్క సంవత్సరంలో రెండువేలు దాటినవారిలో అప్పటికి నాలుగవవాడు. మరుసటి ఏడాది నాలుగవ ఆటలో, తన జట్టు విసిరిన బంతిని ఎదుటివాడు అందుకొని పరుగెత్తుతుంటే, వాణ్ణి ఆపబోయిన డేవిస్ మోకాలు చిరిగింది. చూడండి, టోక్యోలో అతనికి తలుపు తెరిచినది అలాంటి పనే, ఇక్కడ తలుపు మూసినదీ అదే. ఆ బంతిని తాను పోగొట్టలేదు, వెంబడించకుండా నిలబడితే అడిగేవారు లేరు. ఆ ఏడాదితో కలిపి మూడు సంవత్సరాలలో పదిహేడు ఆటలే ఆడగలిగాడు. 2002లో ఆట మానుకున్నాడు. మొత్తం ఆడినవి 78 ఆటలు. ఇంత తక్కువ ఆడినవానికి ఆ ఆట మహనీయుల మందిరంలో చోటివ్వవచ్చునా అని ఏళ్ల తరబడి వాదించి, చివరకు 2017లో ఇచ్చారు. 196వ పేరుగా పిలిచినప్పుడు తప్పిన అంచనా, సరిదిద్దుకోవడానికి కూడా అంతకాలం పట్టింది.

కాబట్టి వచ్చే ఏప్రిల్‌లో అమెరికా నుండి మీ మనవడు ఫోను చేసి, మా జట్టు ఏడవ రౌండులో ఒకణ్ణి తీసుకుంది, వాడు పనికి వస్తాడా తాతయ్యా అని అడిగితే, ఏమి చెప్పాలో తెలియదని ఊరుకోకండి. వాని నంబరు చెప్పవద్దు బాబూ, ఆగస్టు వరకు ఓపిక పట్టి, చేతిలో బంతి లేనప్పుడు వాడేమి చేస్తున్నాడో చూసి నాకు చెప్పమనండి. పిల్లవాడు ఆట చూసే తీరే మారుతుంది. మనుషులను చూసే తీరు కూడా కొంచెం మారవచ్చు.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాము.