గెలిచిన జట్టు – నిలిచిన జట్టు

అమెరికాదేశపు స్త్రీల బాస్కెట్‌బాల్ పోటీలలో మిక్కిలి గొప్ప జట్టేదియని యడిగినచో మా మనస్సున నున్నమాట దాచక చెప్పెదము. వరుస గెలుపుల లెక్క చూచిన హ్యూస్టను కామెట్సు జట్టే గొప్పది. మా యభిమానము మాత్రము న్యూయార్కు లిబర్టీ జట్టునందే యధికము. ఈ రెండు మాటలకును కారణములు కలవు.

ఈ పోటీలు 1997వ సంవత్సరమున నారంభమయ్యెను. మొదటి నాలుగేండ్లును, అనగా 2000 వఱకును, చాంపియన్‌షిప్పు హ్యూస్టను వారిదే. ఆ నాలుగు తుదిపోటీలలోను ఉత్తమ క్రీడాకారిణియని పేరొందినది సింథియా కూపరే. స్వదేశమున ఇట్టి పోటీలు లేనందున నామె స్పెయినునందును ఇటలీయందును ఏండ్లతరబడి యాడి, ముప్పదినాలుగేండ్ల ప్రాయమున తిరిగివచ్చి యీ కీర్తి గడించినది. షెరిల్ స్వూప్సు 1997లో కుమారుని గని, కొలది వారములకే మరల ఆటస్థలమున నిలిచెను. వీరిని లోకమంతయు పొగడినది, మేమును పొగడెదము.

అయినను మా దృష్టిలో ఆ జట్టునకు ప్రాణము కిం పెరోటు. ఆమె యెత్తు అయిదడుగుల అయిదంగుళములు మాత్రమే. జట్లవారు క్రీడాకారిణులను వరుసగా నెంచుకొనునపుడు ఆమెను కోరినవారు లేరు; పరీక్షలో నెగ్గి తన చోటు తానే సంపాదించుకొనెను. వడ్డించు చేతిని మెచ్చుకొనువారు పొయ్యికడ నున్నదానిని మఱచినట్లు, బుట్టలో బంతి వేయువారిని పొగడువారు ఆ బంతిని తెచ్చి యందిచ్చినదానిని మఱతురు. 1999 ఆగస్టులో ఊపిరితిత్తుల కేన్సరుచే నామె మరణించినది. సత్ప్రవర్తనతో నాడువారి కామె పేర ఇప్పటికిని బహుమానమొసగుచున్నారు.

కొలదిదినములకే తుదిపోటీ. మొదటి యాట కామెట్సుదే. రెండవదానిలో మూడు సెకండ్లైనను మిగులలేదు. కామెట్సు రెండు పాయింట్లు ముందున్నారు. ఉత్సవపు రంగుకాగితములు పైనుండి రాలుట కారంభించినవి. అంతట లిబర్టీ జట్టులోని టెరీసా వెదర్‌స్పూను సగము మైదానమునకు ఆవలినుండియే బంతి విసరెను. అది బుట్టలో పడెను! 68-67. మరునాడు కామెట్సు 59-47తో గెలిచి చాంపియన్‌షిప్పు నిలుపుకొనిరి. అయినను మేము లిబర్టీ పక్షమువార మైనది ఆ విసరుచూచియే. ఉత్సవ మారంభమైన పిమ్మటను ఆట ముగియలేదని నమ్మినవారు వారు.

లిబర్టీవారు 1997, 1999, 2000, 2002, 2023 సంవత్సరముల తుదిపోటీలలో, అయిదు మారులు, ఓడిరి. 2024లో మిన్నెసోటా లింక్సును అయిదవ యాటలో, అదనపు సమయమున, 67-62తో జయించిరి. ఆ యాటలో సబ్రీనా అయోనెస్కూ పందొమ్మిదిమారులు విసరి ఒక్కమారే సఫలురాలయ్యెనని యాక్షేపించువారు కలరు. మూడవ యాటను కడపటి క్షణమున దూరపు విసరుతో గెలిపించినది ఆమెయే కదా! వంట ఒకపూట చెడినంతమాత్రమున వంటలక్కను వెడలగొట్టుదుమా? ఆమెకు చేయి రాని దినమున న్యారా సబాలీవంటివారు ఆదుకొనిరి, జట్టనగా నిదియే. తుదిపోటీలో ఉత్తమురాలని బహామాదీవుల బిడ్డ జాంక్వెల్ జోన్సు గౌరవమందుట సముచితము.

పక్షపాతము కన్నులు గప్పరాదు గావున మఱియొక మాట. ఆ యాటలో అయిదు సెకండ్లు మిగిలియుండగా రిఫరీ యిచ్చిన తీర్పువలన బ్రియానా స్టూవర్టు రెండు పాయింట్లు చేర్చి, లెక్క 60-60 చేసెను. లింక్సు శిక్షకురాలు చెరిల్ రీవు ఆ తీర్పును బహిరంగముగా నిరసించెను. ఆ తీర్పు సందేహాస్పదమనియే మా యభిప్రాయము. మన జట్టు గెలిచినదని న్యాయమును విడువజాలము.

ఇక మమ్ము బాధించు విషయ మొకటి. నాలుగు చాంపియన్‌షిప్పులు గెలిచిన కామెట్సు, పోషించు యజమాని దొరకక, 2008లో మూతపడెను. అయిదుమారులు తుదిమెట్టున నోడిన లిబర్టీ నిలిచి, ఇరువది యెనిమిదవ ఋతువున ఫలమందెను. స్త్రీల యాటకు నైపుణ్యమొక్కటియే చాలదు. టిక్కెట్టు కొని చూచువారు, ధనము పెట్టువారు కావలయును. విజయము జట్టుకు కీర్తి నిచ్చును. ఆదరణ ఆయువు నిచ్చును.

చదువరులలో కామెట్సు పక్షమువారున్నచో మాతో వాదమునకు రావచ్చును. మేము సిద్ధముగా నున్నాము.