సీసాలో సుగంధి వేరు

జీడిమామిడి పండు నుంచి కాసే గోవా మద్యం ఫెనీ. దాని సీసాలు కొన్నింటిలో సన్నటి గోధుమరంగు వేళ్లు నానుతూ కనిపిస్తాయి. మూత తీస్తే జీడిమామిడి ఘాటుతోపాటు మరో పరిమళం ముక్కుకు తగులుతుంది. రాయలసీమవాళ్లయితే ఇట్టే పోల్చుకుంటారు. అది నన్నారి. నడి ఎండలో బండి దగ్గర నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి ఇచ్చే షర్బత్ వాసన. మనం సుగంధి పాల అనే ఈ తీగ వేరునే గోవావాళ్లు దుక్షిరి అంటారు. దాన్ని నానబెట్టిందే దుక్షిరి ఫెనీ.

మద్యానికి రుచి పట్టించడమంటే ఇలా ఉండాలి. దుకాణాల్లో వరసగా కనిపించే గ్రీన్ ఆపిల్, ఆరెంజ్ వోడ్కాల్లో చాలావాటికి పండుతో పనే లేదు. ఏ రుచీ లేని స్పిరిట్‌లో ఎసెన్సు కలుపుతారు, అంతే. కొనేముందు సీసా వెనక్కి తిప్పి లేబుల్ చదవాలి. రుచి వేరు నుంచి, తొక్క నుంచి, పండు నుంచి దిగిందా, డబ్బాలోంచి వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న.

ఫెనీ విషయంలో ఆ ప్రశ్నకు జవాబు జీడిమామిడి తోటలోనే ఉంది. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు ఇది. పండును కోయరు, మాగి రాలినదాన్నే ఏరుతారు. గింజ తీసేసి, పండును తొక్కి రసం పిండి, ఈస్టు కలపకుండా దానంతటదే పులవనిస్తారు. ఒకసారి కాస్తే ఉర్రాక్, సుమారు 15 శాతం ఆల్కహాల్, వేసవిలోనే తాగేస్తారు. మళ్లీ కాస్తే 42 శాతం దాటిన ఫెనీ. దీనికి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2016లో గోవా ప్రభుత్వం వారసత్వ పానీయంగా ప్రకటించింది.

మరి జీడిమామిడి తోటలున్న మన పలాస? అక్కడి ఉద్దానం తోటల్లో గింజ తీసుకుని పండును చాలావరకు నేలపాలు చేస్తున్నాం. కనీసం రసమో జామో కూడా కాకుండా అంత పండు కుళ్లిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అలాగని ఇంట్లో సారా కాయడం నేరం, పైగా ప్రాణాలమీదికి వస్తుంది. నానబెట్టడం వేరే సంగతి. లైసెన్సున్న దుకాణంలో కొన్న సాదా వోడ్కా, మూలికల కొట్లో తెచ్చిన నన్నారి వేరు ఉంటే చాలు. చిటికెన వేలంత ముక్కలు నాలుగైదు కడిగి, బాగా ఆరనిచ్చి, రోట్లో నలగ్గొట్టాలి. అప్పుడు మధ్యలోని తెల్లటి కట్టె విడిపోతుంది. దాన్ని పారేసి బెరడు మాత్రమే ఉంచుకోవాలి. పరిమళమంతా బెరడులోనే. వెనిలాకు సువాసననిచ్చే వనిలిన్‌కు అతి దగ్గరి పదార్థం అందులో ఉంటుంది. ఆ బెరడును గాజు సీసాలో వేసి, వోడ్కా పోసి, ఎండ తగలని అలమరలో పెట్టి, రెండో రోజు నుంచి ఒక్కో చుక్క రుచి చూస్తూ ఉండాలి. రంగు తేనెలా మారి వాసన నిండగానే వడకట్టేయాలి. ఇంకా ఉంచితే వగరు దిగుతుంది.

తెలుగులో మద్యానికీ ఔషధానికీ మాట ఒకటే, మందు. గోవాలోనూ కడుపునొప్పికి దుక్షిరి ఫెనీ చెంచాడు పట్టే అలవాటుంది. ఆ నమ్మకాన్ని మాత్రం అక్కడే వదిలేసి రావాలి. 30 మిల్లీలీటర్ల ఫెనీలో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, వేరు నానినా నానకున్నా. తియ్యటి వాసన ఆ ఘాటును కప్పేస్తుంది కాబట్టి గ్లాసులోకి కంటిచూపుతో కాక కొలతతోనే పోయాలి. ఐసు వాసనను అణిచేస్తుంది. అందుకే ముందు ఐసు వేయని గ్లాసును ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ తర్వాతే ఐసు, సోడా, నిమ్మచెక్క, చిటికెడు ఉప్పు.