చెంబు నీళ్లా, కాగితపు చుట్టా?

2020 మార్చిలో కరోనా వ్యాధి లోకమంతా పాకుతున్నప్పుడు ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్ దేశాల్లో ఒక వింత జరిగింది. జనం దుకాణాల మీద పడి టాయిలెట్ పేపర్ చుట్టలు కొనేశారు. అరలన్నీ ఖాళీ! ఆస్ట్రేలియాలో ఒక దినపత్రిక పాఠకుల అవసరానికని ఎనిమిది ఖాళీ పేజీలు అచ్చువేసి మరీ ఇచ్చింది. మన హైదరాబాదుకు ఆ బెంగ పట్టలేదు. ఎందుకో మీకు తెలుసు. మన మరుగుదొడ్లలో కుళాయి, చెంబు ఉన్నాయి.

అయినా ఈ రోజుల్లో హిమాయత్‌నగర్, నారాయణగూడ దుకాణాల్లోనూ ఈ చుట్టలు అమ్ముతున్నారు. కాగితం వాడటం నాగరికత అనీ, చెంబు మోటు అలవాటనీ అనుకునే పిల్లలు కూడా ఉన్నారు. ఈ మాట నిజమేనా? తీర్పు విజ్ఞానశాస్త్రానికే వదులుదాం.

ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ స్నేహితుడి రెండు అరచేతులకూ తడి మట్టి పూయండి. ఒక చేతిని పొడి కాగితంతో తుడవండి. రెండోదాని మీద నీళ్లు పోస్తూ రుద్దండి. ఏం చూశారు? కాగితం కొంత మట్టిని తీసింది, కొంత పక్కకు పులిమింది. చర్మపు గీతల్లో మట్టి అలాగే ఉంది. నీరు ఆ గీతల్లోకి చొరబడి, మట్టిని వదులు చేసి, తనతో మోసుకుపోయింది. శరీరంలో ఏ భాగానికైనా ఇదే సూత్రం. పైగా పొడి కాగితంతో పదేపదే రుద్దితే సున్నితమైన చర్మం ఒరుసుకుంటుంది.

టాయిలెట్ పేపరు అమెరికాలో 1857లో జోసెఫ్ గయెటీ అనే వ్యాపారితో అంగడి సరుకుగా మారింది. కాని నీటి సుఖం తెలిసినవారు పరదేశాల్లోనూ ఉన్నారు. ఇటలీలో 1975 నాటి నిబంధన ప్రకారం ఇళ్లలో బిడే, అంటే కడుక్కునే తొట్టి, ఉండాలి. జపానులో 1980లో టోటో సంస్థ నీటిని చిమ్మే మరుగుదొడ్డి పీటను అమ్మకానికి పెట్టింది. అక్కడ ఇప్పుడది ఇంటింటి వస్తువు. మన గోడకు తగిలించే పిచికారీ గొట్టం కూడా ఆ జాతిదే.

కాగితం ఊరికే రాదు. కాగజ్‌నగర్ మిల్లు పేరు విన్నారు కదా? రాసుకునే కాగితమైనా, తుడుచుకునే కాగితమైనా కొత్త గుజ్జుతో చేసేటప్పుడు ముందు జరిగే పని దాదాపు ఒకటే. కలపను ముక్కలు చేసి, రసాయనాలతో ఉడికించి, గుజ్జును కడిగి, తెల్లబరచి, ఆరబెట్టాలి. దీనికంతా నీరు కావాలి, ఇంధనం కావాలి. రాసుకునే కాగితం ఏళ్ల తరబడి ఉంటుంది. ఇది ఒక్క నిమిషంలో మురుగులో పడుతుంది.

"మరి మనకు నీటి కొరత ఉంది కదా మాస్టారూ!" అంటారేమో. మంచి ప్రశ్నే. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టిన మన నగరం ఇప్పుడు కృష్ణ నీటిని నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి తెచ్చుకుంటోంది. ప్రతి చుక్కా విలువైనదే. అయితే లెక్క వేద్దాం. కడుక్కోవడానికి మనిషికి రోజుకు ఒక లీటరు అనుకుంటే నలుగురున్న ఇంటికి నాలుగు లీటర్లు. సెకనుకు ఒక్క చుక్క కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు వదులుతుంది. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే నాలుగు లీటర్ల పైమాటే! అంటే కుళాయికి ఒక్క వాషరు మార్పిస్తే ఇంటిల్లిపాదికీ సరిపడే నీళ్లు మిగిలాయన్నమాట. పొదుపు అక్కడ చేయాలి.

ఇంతమాత్రాన మన అలవాటులో లోపం లేదని మురిసిపోకండి. కడుక్కున్న చేతికి కంటికి కనబడని సూక్ష్మజీవులు అంటుతాయి. వట్టి నీళ్లతో అవి పూర్తిగా పోవు. సబ్బు జిడ్డును విడదీసి, దానితోపాటు క్రిములనూ వదిలిస్తుంది. సబ్బుతో చేతులు కడుక్కునే అలవాటు వల్ల విరేచనాల జబ్బు సుమారు మూడో వంతు తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. ఇరవై సెకన్లు రుద్దండి, గోళ్ల సందులు మరవకండి. సబ్బు లేని చెంబు సగం శుభ్రమే.

తడి తుడుచుకోవడానికి పాత నూలుబట్ట ముక్కలు చాలు. కాని ఎవరిది వారిదే. ఒకరి బట్ట మరొకరు వాడకూడదు. వాడినదాన్ని సబ్బుతో ఉతికి, ఎండలో బాగా ఆరవేయాలి. తడిగా మూలన పడేస్తే అందులో క్రిములు పెరుగుతాయి. అలాగే పిచికారీ గొట్టం మూతిని బకెట్ నీళ్లలో ముంచి వదలకండి. గొట్టంలో ఒత్తిడి పడిపోతే ఆ మురికినీరు వెనక్కి పీల్చుకుపోవచ్చు.

నా అభిప్రాయం ఇది. మన బడులకు కావలసింది కాగితపు చుట్టలు కావు. ప్రతి మరుగుదొడ్డిలో నీళ్లు వచ్చే కుళాయి, ఒక మగ్గు, బయట ఒక సబ్బు బిళ్ల కావాలి. నీళ్లు లేని చోట పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బడికి వచ్చాక మంచినీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రం బిగబట్టుకుంటారు. ఇది ఆరోగ్యానికి చేటు. సిగ్గుపడవలసింది చెంబును చూసి కాదు, ఎండిన కుళాయిని చూసి.

రేపు మీ బడిలో ఎన్ని కుళాయిలు పనిచేస్తున్నాయో, ఎన్ని కారుతున్నాయో, ఎన్నిచోట్ల సబ్బు ఉందో లెక్కపెట్టండి. కాగితం మీద పట్టీ వేసి ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. కాగితానికి అంతకన్నా మంచి ఉపయోగం ఏముంది?